నెస్టెడ్ వర్చువలైజేషన్‌లో రిజిస్టర్ల అడ్డగింత: కోడ్ పరిష్కరణ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్ సాయంతో మరొక కంప్యూటర్‌ను కల్పించే విధానం 1960లలో మొదలైంది. కల్పిత యంత్రంలోని ప్రోగ్రామ్ అసలు యంత్రపు రిజిస్టర్‌ను తాకబోయినప్పుడు దాన్ని నడుమ ఆపి, తగిన సమాధానం ఇచ్చే బాధ్యత హైపర్‌వైజర్‌ది. కల్పిత యంత్రంలోనే ఇంకొక హైపర్‌వైజర్ నడిచినప్పుడు ఈ అడ్డగింత జటిలమవుతుంది. ఆ జటిలత వల్ల కోడ్ ఎలా చిక్కుపడింది, దాన్ని విడదీసే ప్రయత్నాలు ఏ క్రమంలో సాగాయి, ఆ ప్రయత్నాలను చరిత్ర దృష్టితో ఎలా అంచనా వేయాలి అనే అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది. కోడ్ పరిష్కరణ అలంకార ప్రక్రియ కాదని, అధికార విభజనను స్పష్టం చేసే రక్షణ ప్రక్రియ అని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: హైపర్‌వైజర్, నెస్టెడ్ వర్చువలైజేషన్, రిజిస్టర్, అడ్డగింత, బిట్ పట్టిక, కోడ్ పరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:

సాంకేతిక చరిత్ర రచనలో ఆవిష్కరణలకు దక్కే చోటు నిర్వహణకు దక్కదు. కొత్త యంత్రం వచ్చిన సంవత్సరం, దాన్ని తయారుచేసినవారి పేర్లు గ్రంథాలకు ఎక్కుతాయి. ఆ యంత్రాన్ని నడిపే కోడ్‌ను ఏళ్ల తరబడి చదివి, పునరుక్తులు తొలగించి, నియమాలను ఒక చోటికి చేర్చినవారి శ్రమ మార్పుల చిట్టాలకే పరిమితమవుతుంది. సాహిత్య చరిత్రలోనూ ఇటువంటి అసమానత ఉంది. కవికి ఉన్న ప్రసిద్ధి ఆ కావ్యానికి శుద్ధ ప్రతిని సిద్ధం చేసిన పరిష్కర్తకు ఉండదు. అయినా పరిష్కర్త లేకుంటే నేటి పాఠకుడికి కావ్యం సరిగా అందదు.

ఈ వ్యాసం అటువంటి ఒక పరిష్కరణను ఎంచుకొంటుంది. నేడు క్లౌడ్ సేవల రూపంలో అద్దెకు దొరుకుతున్న కంప్యూటర్లలో అధికభాగం కల్పిత యంత్రాలే. ఒకే భౌతిక యంత్రం మీద పరస్పరం పరిచయం లేని సంస్థల పనులు పక్కపక్కనే నడుస్తాయి. వాటి మధ్య ఉన్న గోడ నిలవడానికి రిజిస్టర్ల అడ్డగింత సక్రమంగా జరగడం అత్యవసరం. ఆ కోడ్‌లో ఒక్క నియమం తప్పినా అతిథి యంత్రం ఆతిథేయి యంత్రంలోకి చొరబడగలదు.

2. పరిభాష – ప్రాథమిక భావనలు:

కళాశాలలో రిజిస్టర్ అనగానే హాజరుపట్టీ గుర్తుకు వస్తుంది. ప్రాసెసర్‌లో రిజిస్టర్ అంటే అతి చిన్న స్మృతిస్థానం. ఇవి ప్రధానంగా రెండు రకాలు. లెక్కలకు వాడే సాధారణ రిజిస్టర్లు మొదటి రకం. యంత్రపు ప్రవర్తనను శాసించే వ్యవస్థా రిజిస్టర్లు రెండవ రకం. స్మృతి విభజన ఎలా ఉండాలి, అంతరాయాలను స్వీకరించాలా వద్దా, ప్రాసెసర్‌కు ఏయే సామర్థ్యాలు ఉన్నాయి అనే విషయాలు ఈ రెండవ రకంలో ఉంటాయి.

ఒక అతిథి వ్యవస్థ ఈ రిజిస్టర్లను నేరుగా మార్చితే యంత్రం మొత్తం దాని అధీనంలోకి పోతుంది. అందువల్ల హైపర్‌వైజర్ ఆ ప్రయత్నాన్ని ఆపుతుంది. ప్రాసెసర్ అతిథిని నిలిపి, నియంత్రణను హైపర్‌వైజర్‌కు అప్పగిస్తుంది. హైపర్‌వైజర్ ఆ పనిని తాను అనుకరించి, ఫలితాన్ని అతిథికి ఇచ్చి, తిరిగి నడవనిస్తుంది. తన పని నడుమ ఆగిందన్న సంగతి అతిథికి తెలియదు. ఈ ప్రక్రియనే ఈ వ్యాసంలో 'అడ్డగింత' అని వ్యవహరిస్తున్నాను.

అతిథి యంత్రంలోనే మరొక హైపర్‌వైజర్ నడిస్తే అది నెస్టెడ్ వర్చువలైజేషన్. దీన్ని కథలో కథతో పోల్చవచ్చు. లోపలి కథను చెప్పే పాత్ర, బయటి కథకుడి దృష్టిలో తానూ ఒక పాత్రే. ఈ రంగంలో అసలు యంత్రం మీద ఉండే హైపర్‌వైజర్‌ను ఎల్0 అని, దాని అతిథిగా ఉండే హైపర్‌వైజర్‌ను ఎల్1 అని, ఎల్1కు అతిథిగా ఉండే వ్యవస్థను ఎల్2 అని పిలుస్తారు.

3. తొలి దశ – కేంబ్రిడ్జ్ ప్రయోగాలు, సిద్ధాంత నిర్మాణం (1964–1974):

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ నగరంలో ఐబీఎం సంస్థకు ఒక శాస్త్రీయ కేంద్రం ఉండేది. రాబర్ట్ క్రీసీ నాయకత్వంలో అక్కడ 1964లో సీపీ-40 అనే ప్రయోగం మొదలైంది. ప్రత్యేకంగా మార్పులు చేసిన సిస్టమ్/360 మోడల్ 40 యంత్రం మీద అది 1967 జనవరి నాటికి వాడుకలోకి వచ్చింది. దాని తరువాత సీపీ-67, ఆపైన 1972 ఆగస్టులో ప్రకటించిన వీఎం/370 వచ్చాయి.

సిస్టమ్/360 ప్రాసెసర్‌కు రెండు స్థితులు ఉండేవి. పర్యవేక్షక స్థితిలో అన్ని ఆదేశాలూ చెల్లుతాయి. సాధారణ స్థితిలో విశేషాధికార ఆదేశం ఇస్తే అంతరాయం కలుగుతుంది. సీపీ రూపకర్తలు అతిథి వ్యవస్థలన్నింటినీ సాధారణ స్థితిలోనే నడిపారు. అతిథి ఎప్పుడు విశేషాధికార ఆదేశం ఇచ్చినా అంతరాయం కలిగి, సీపీ రంగంలోకి దిగేది. దోషాన్ని పట్టుకోవడానికి ఉద్దేశించిన ఏర్పాటును యంత్రాన్ని అనుకరించడానికి వినియోగించుకోవడమే ఇక్కడి మౌలిక సూత్రం.

యంత్రంలో యంత్రం అనే ప్రయోగం కూడా ఈ దశలోనే జరిగింది. అప్పటికి బయటికి రాని సిస్టమ్/370 ఆదేశాలను అనుకరించేలా సీపీ-67ను సవరించి, దాన్ని మరొక సీపీ-67 మీద అతిథిగా నడిపారు. ఆ అనుకరణ యంత్రంలో 370 కోసం రాసిన సీపీ నడిచింది. దానిలో వినియోగదారుల వ్యవస్థ నడిచింది. వర్చువల్ స్మృతి గల 370 యంత్రం చేతికి రాకముందే దాని సాఫ్ట్‌వేర్ ఈ విధంగా పరీక్షకు నిలిచింది. కనుక నెస్టెడ్ వర్చువలైజేషన్ క్లౌడ్ యుగపు భావన అనుకోవడం సరికాదు.

జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974లో ప్రచురించిన వ్యాసం ఈ అనుభవానికి సిద్ధాంత రూపం ఇచ్చింది. యంత్రపు వనరులను మార్చే ఆదేశాలను, వనరుల స్థితిని బట్టి ఫలితం మారే ఆదేశాలను వారు 'సున్నిత' ఆదేశాలు అన్నారు. సున్నిత ఆదేశాలన్నీ విశేషాధికార ఆదేశాలలో అంతర్భాగమైతే ఆ యంత్రానికి హైపర్‌వైజర్ నిర్మించవచ్చునని వారి మొదటి సిద్ధాంతం. అటువంటి యంత్రంలో కాలపరిమాణం మీద ఆధారపడని హైపర్‌వైజర్‌ను నిర్మించగలిగితే ఒకదానిలో ఒకటిగా ఎన్ని అంతరాలైనా కల్పించవచ్చునని రెండవ సిద్ధాంతం. సిద్ధాంతం సాధ్యాసాధ్యాలను తేల్చింది. అడ్డగింత కోడ్‌ను ఎలా అమర్చాలన్నది ఆచరణకు వదిలేసింది. తరువాతి చరిత్ర అంతా ఆ ఆచరణ చరిత్రే.

4. ఎక్స్86 సమస్య (1998–2007):

వ్యక్తిగత కంప్యూటర్లలో వాడే ఎక్స్86 ప్రాసెసర్లు పోపెక్–గోల్డ్‌బర్గ్ నియమాన్ని పాటించలేదు. జాన్ రాబిన్, సింథియా ఇర్విన్ 2000లో ప్రచురించిన పరిశీలనలో పెంటియం ప్రాసెసర్‌లో 17 ఆదేశాలు సున్నితమైనవైనా విశేషాధికారం అవసరం లేనివని తేల్చారు. వాటిలో కొన్ని, వ్యవస్థా రిజిస్టర్ల విలువను ఎవరికైనా చదివి చెప్పేస్తాయి. మరొక ఆదేశం అంతరాయ సూచికను మార్చమన్నప్పుడు, అధికారం లేకపోతే మార్పు చేయకుండా, దోషం అనీ చెప్పకుండా మౌనంగా ముందుకు సాగుతుంది. అంతరాయం కలగనిదే హైపర్‌వైజర్‌కు సంగతి తెలియదు.

1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ, అతిథి కోడ్‌ను నడుస్తుండగానే సురక్షిత రూపంలోకి అనువదించే పద్ధతితో ఈ చిక్కును అధిగమించింది. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో అడ్డగింతకు హార్డ్‌వేర్ సాయాన్ని ప్రాసెసర్‌లోనే చేర్చాయి. అవి వచ్చిన తరువాత అవి కివిటీ రూపకల్పన చేసిన కేవీఎం హైపర్‌వైజర్ 2007 ఫిబ్రవరిలో విడుదలైన లినక్స్ 2.6.20లో భాగమైంది.

ఈ దశలో అడ్డగింతను శాసించే ఒక ముఖ్య సాధనం బిట్ పట్టిక. ఇంటెల్ విధానంలో నమూనా-నిర్దిష్ట రిజిస్టర్లు 8,192 చొప్పున రెండు వర్గాలుగా ఈ పట్టిక పరిధిలోకి వస్తాయి. ప్రతి రిజిస్టర్‌కు చదవడానికి ఒక బిట్, రాయడానికి ఒక బిట్. మొత్తం 32,768 బిట్లు, అంటే 4,096 బైట్లు. బిట్ విలువ 1 అయితే ఆ ప్రయత్నం ఆగుతుంది, 0 అయితే సాగిపోతుంది. పరిధికి వెలుపలి రిజిస్టర్లను తాకితే తప్పక ఆగుతుంది. ఒకే హైపర్‌వైజర్ ఉన్నంతకాలం ఇది సరళమైన వ్యవస్థ.

5. నెస్టింగ్‌తో వచ్చిన చిక్కు (2010–2018):

ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో ఉన్న ఐబీఎం పరిశోధక బృందం 2010లో 'టర్టిల్స్' అనే పేరుతో ఇంటెల్ ప్రాసెసర్ల మీద నెస్టెడ్ వర్చువలైజేషన్‌ను సాధించి చూపింది. హార్డ్‌వేర్‌కు ఒక్క అంతరం మాత్రమే తెలుసు. కనుక ఎల్1, ఎల్2 రెండింటినీ ఎల్0 తన అతిథులుగానే నడపాలి. ఇందుకు మూడు నియంత్రణ పత్రాలు కావలసి వచ్చాయి. ఎల్0 ఎల్1 కోసం సిద్ధం చేసేది 01. ఎల్1 ఎల్2 కోసం సిద్ధం చేసేది 12. ఈ రెండింటినీ కలిపి ఎల్0 ఎల్2 కోసం తయారుచేసి హార్డ్‌వేర్‌కు ఇచ్చేది 02. మొదటి అంకె యజమానిని, రెండవ అంకె అతిథిని సూచిస్తాయి. ఈ నామకరణమే ఒక పరిష్కరణ అని గుర్తించాలి. ఏ పత్రం ఎవరిదో పేరులోనే తెలుస్తుంది.

బిట్ పట్టికలను కలిపే నియమం బ్యాంకు లాకర్‌ను పోలి ఉంటుంది. బ్యాంకు తాళం, ఖాతాదారు తాళం రెండూ ఉంటేనే లాకర్ తెరుచుకొంటుంది. అలాగే ఎల్0, ఎల్1 ఇద్దరూ అనుమతిస్తేనే ఎల్2 ఒక రిజిస్టర్‌ను నేరుగా తాకగలదు. ఏ ఒక్కరు వద్దన్నా ఆగాలి. ఎల్1 అసలు పట్టికే ఇవ్వకపోతే అన్నింటినీ ఆపమన్నట్లే లెక్క.

నియమం చిన్నదైనా ఆచరణ చిన్నది కాలేదు. ఒకే యంత్రంలో 'ఆపాలా?' అనే ఒక్క ప్రశ్న ఉండేది. నెస్టింగ్‌లో అది మూడుగా చీలింది.

(అ) ఆపమని కోరింది ఎవరు? ఎల్0నా, ఎల్1నా, ఇద్దరూనా?
(ఆ) ఆగిన తరువాత ఎవరికి అప్పగించాలి? ఎల్1 కోరి ఉంటే హార్డ్‌వేరే ఆపి చెప్పినట్లు ఎల్1కు చేరవేయాలి. ఎల్0 మాత్రమే కోరి ఉంటే ఎల్1కు తెలియకుండా ఎల్0 పరిష్కరించాలి.
(ఇ) ఏ విలువను సమాధానంగా ఇవ్వాలి? ఆ రిజిస్టర్‌కు ఎల్0 దృష్టిలో, ఎల్1 దృష్టిలో, ఎల్2 దృష్టిలో వేర్వేరు విలువలు ఉండవచ్చు.

ఈ మూడు ప్రశ్నలను విడదీయకుండా ఒకే షరతులో ఇరికించడమే కోడ్ చిక్కుపడడానికి మూలకారణం అని ఈ వ్యాసం ప్రతిపాదన. 2011లో కేవీఎంలో చేరిన నెస్టెడ్ కోడ్ తొలుత పట్టికలను కలపలేదు. ఎల్2 చేసే ప్రతి ప్రయత్నాన్నీ ఆపింది. అది సురక్షితం, కానీ నిదానం. తరువాత వేగం కోసం కొన్ని రిజిస్టర్లకు మినహాయింపులు ఒక్కొక్కటిగా చేరాయి. 2018 జనవరిలో స్పెక్టర్ లోపం బయటపడినప్పుడు, దాని నివారణకు కొత్త రిజిస్టర్లు వచ్చాయి. అతిథులు వాటిని తరచుగా వాడాలి కనుక ప్రతిసారీ ఆపడం భారం. అందువల్ల వాటి నేరు ప్రవేశానికి ఎల్0 అనుమతి, ఎల్1 అనుమతి రెండింటినీ విడివిడిగా పరీక్షించే కోడ్ అత్యవసరంగా చేరింది. ప్రతి మినహాయింపుకూ తగిన కారణం ఉంది. అన్నీ కలిసినప్పుడు నియమం మాత్రం కనుమరుగైంది.

6. నియమం తప్పిన సందర్భాలు (2021):

2021లో వెలుగుచూసిన రెండు లోపాలు ఈ చర్చకు నేరుగా సంబంధించినవి. రెండూ ఏఎండీ ప్రాసెసర్లకు చెందిన కేవీఎం నెస్టెడ్ కోడ్‌లోనివి.

మొదటిదాన్ని గూగుల్ ప్రాజెక్ట్ జీరో పరిశోధకుడు ఫెలిక్స్ విల్‌హెల్మ్ కనుగొన్నాడు. ఎల్1 ఇచ్చిన నియంత్రణ పత్రాన్ని ఎల్0 ఒకసారి చదివి తనిఖీ చేసింది. తరువాత అదే పత్రాన్ని రెండవసారి చదివి తన వద్దకు నకలు చేసుకొంది. ఆ పత్రం ఉన్న స్మృతి అతిథి చేతిలోనే ఉంది. రెండు పఠనాల నడుమ అతిథి దాన్ని మార్చగలిగితే, తనిఖీ అయిన పత్రం ఒకటి, అమలయ్యే పత్రం మరొకటి. దీని పర్యవసానంగా, రిజిస్టర్ల అడ్డగింతను శాసించే బిట్ పట్టిక ఉన్న స్మృతిపుట ఇంకా వాడుకలో ఉండగానే విడుదలైపోయే పరిస్థితిని కల్పించవచ్చు. ఆ పుటలోకి వేరే సమాచారం చేరితే అడ్డగింత నియమాలే మారిపోతాయి. అతిథికి ఆతిథేయి రిజిస్టర్ల మీద అపరిమిత అధికారం వస్తుంది. నకలు ముందు, తనిఖీ తరువాత అనే క్రమమార్పు దీనికి పరిష్కారం.

రెండవది సి.వి.ఇ.-2021-3656గా నమోదైంది. కొన్ని రిజిస్టర్ల సముదాయాన్ని భౌతిక స్మృతి నుంచి నింపే ఆదేశం ఒకటి, స్మృతిలో భద్రపరిచే ఆదేశం ఒకటి ఏఎండీ విధానంలో ఉన్నాయి. వీటిని ఎల్0 అడ్డగించాలి, లేదా హార్డ్‌వేర్ వాటిని సురక్షితంగా అనువదించాలి. ఎల్1 ఇచ్చిన ఒక క్షేత్రాన్ని సరిగా పరీక్షించకపోవడం వల్ల రెండు రక్షణలూ ఎల్2 విషయంలో ఒకేసారి తొలగే వీలు కలిగింది. అప్పుడు ఎల్2 ఆతిథేయి భౌతిక స్మృతిపుటలను చదవగలదు, రాయగలదు. లాకర్ ఉపమానంలో చెప్పాలంటే, ఖాతాదారు కాగితం మీద రాసిన మాటను నమ్మి బ్యాంకు తన తాళాన్ని తానే తీసేసింది.

ఇక్కడ ఒక ప్రతివాదాన్ని పరిశీలించాలి. మొదటి లోపం ప్రమాదకరంగా మారడానికి లినక్స్ 5.10లో జరిగిన ఒక మెరుగుదల కారణం. నెస్టెడ్ స్థితికి కావలసిన స్మృతిని అవసరమైనప్పుడే కేటాయించి, అవసరం తీరాక విడుదల చేయడం ఆ మార్పు సారాంశం. కనుక పరిష్కరణ ఎల్లప్పుడూ రక్షణను పెంచుతుందని చెప్పలేం. స్మృతిని పొదుపు చేసే మార్పు వేరు, అధికారం ఎవరిదో తేటపరిచే మార్పు వేరు. రెండింటినీ 'శుద్ధి' అనే ఒకే మాటతో వ్యవహరించడం వల్ల ఈ భేదం మరుగున పడుతోంది.

7. ఆర్మ్ – పట్టికగా మారిన నియమం (2013–2025):

ఆర్మ్ ప్రాసెసర్ల చరిత్రలో ఈ భేదం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్మ్ కోసం కేవీఎం 2013లో లినక్స్ 3.9లో చేరింది. నెస్టింగ్‌కు ఆర్మ్ వి8.3 నిర్దేశంలో తొలి హార్డ్‌వేర్ సాయం వచ్చింది. ఎల్1 తాను హైపర్‌వైజర్ననుకొని తాకే ప్రతి వ్యవస్థా రిజిస్టర్ వద్దా ఎల్0 ఆపుతుంది. ఒక అతిథి నుంచి మరొక దానికి మారేటప్పుడు హైపర్‌వైజర్ పదుల సంఖ్యలో రిజిస్టర్లను తాకుతుంది. ఒక ఆగుదల అనేక ఆగుదలలుగా పెరిగి వేగం కుంటుపడింది.

కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆర్మ్ సంస్థకు చెందిన మార్క్ జింగియర్ కలిసి 2017లో 'నీవ్' అనే పరిష్కారాన్ని ప్రతిపాదించారు. వెంటనే ప్రభావం చూపనవసరం లేని రిజిస్టర్లను ఆపడం మాని, ఆ ప్రయత్నాలను స్మృతిలోని ఒక పుటకు మళ్లించడం దాని సారం. ఆర్మ్ వి8.4 నిర్దేశం ఈ భావనను స్వీకరించింది. అనవసరమైన అడ్డగింతను తొలగించడమూ పరిష్కరణే అని ఇది చాటుతుంది.

మిగిలిన అడ్డగింతల సంగతి ఇంకా క్లిష్టం. ఒక నియంత్రణ బిట్ కొన్నిచోట్ల రిజిస్టర్ల గుంపును మొత్తంగా ఆపుతుంది. తరువాతి నిర్దేశాలలో ఒక్కొక్క రిజిస్టర్‌కు, అదీ చదవడానికి వేరుగా, రాయడానికి వేరుగా ఆపే సూక్ష్మ బిట్లు వచ్చాయి. వాటిలోనూ కొన్ని 1 అయితే ఆపుతాయి, కొన్ని 0 అయితే ఆపుతాయి. ఈ నియమాలను ప్రతి రిజిస్టర్ కోడ్‌లోనూ షరతులుగా రాస్తే పునరుక్తి తప్పదు, పొరపాటూ తప్పదు.

2023లో లినక్స్ 6.6లో చేరిన మార్పు ఈ నియమాలను కోడ్ నుంచి తీసి పట్టికలో పెట్టింది. ఆర్మ్‌లో ప్రతి వ్యవస్థా రిజిస్టర్‌కు ఐదు భాగాల సంకేతం ఉంటుంది. ఆ సంకేతానికి ఎదురుగా దాన్ని ఆపే బిట్ ఏదో, ఏ విలువ వద్ద ఆపుతుందో పట్టికలో రాశారు. ఆగుదల జరిగినప్పుడు ఒకే ప్రమేయం పట్టికను చూసి, అది ఎల్1కు చేరాలో ఎల్0 వద్దే ఉండాలో తేల్చుతుంది. ఆ ప్రమేయం పేరులో 'ట్రయాజ్' అనే మాట ఉంది. ఆసుపత్రిలో రోగులను తీవ్రతను బట్టి వేరుచేసే పద్ధతికి వాడే మాట అది. పట్టికలో ఒకే సంకేతానికి పరస్పర విరుద్ధంగా రెండు నమోదులు ఉంటే వ్యవస్థ ప్రారంభంలోనే పట్టుబడుతుంది. షరతులుగా చెల్లాచెదురై ఉన్నప్పుడు ఇటువంటి తనిఖీకి అవకాశమే లేదు. 2025 జులైలో విడుదలైన లినక్స్ 6.16లో ఆర్మ్ కేవీఎంకు నెస్టెడ్ వర్చువలైజేషన్ అందుబాటులోకి వచ్చింది. వేగం కోసం తొందరపడి తెరవకుండా, ముందు నియమాన్ని తేటపరచుకొని తరువాత తలుపు తెరిచిన క్రమం ఇక్కడ గమనార్హం.

8. పరిశీలన:

తాళపత్ర ప్రతుల నుంచి శుద్ధ ప్రతిని సిద్ధం చేసే పరిష్కర్త పాఠాంతరాలను దాచడు. వాటిని వరుసగా చూపి, తాను ఒక పాఠాన్ని ఎందుకు స్వీకరించాడో తెలుపుతాడు. అందువల్ల తరువాతివారు అతని నిర్ణయాన్ని పరీక్షించగలరు. అడ్డగింత పట్టిక చేసిన పని కూడా ఇదే. నిర్ణయాన్ని పరీక్షకు నిలబెట్టింది. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. కావ్య పరిష్కర్త కవి మూలపాఠాన్ని చేరుకోవాలని చూస్తాడు. కోడ్ పరిష్కర్తకు అటువంటి మూలపాఠం లేదు. నిర్దేశం ఒకవైపు, నడుస్తున్న యంత్రాలు మరొకవైపు ఉంటాయి. రెండింటికీ భంగం కలగకుండా మధ్యలోని రచనను మార్చడమే అతని పని.

9. ముగింపు:

పై చర్చ ఆధారంగా తేలిన అంశాలు:

1. నెస్టెడ్ వర్చువలైజేషన్ మూలాలు ఐబీఎం కేంబ్రిడ్జ్ ప్రయోగాలలోనే ఉన్నాయి. 1974 నాటి సిద్ధాంతం దాని సాధ్యతను నిరూపించింది, అమలు విధానాన్ని ఆచరణకు వదిలింది.

2. ఎవరు కోరారు, ఎవరికి అప్పగించాలి, ఏ విలువ ఇవ్వాలి అనే మూడు ప్రశ్నలు ఒకే షరతులో కలిసిపోవడం కోడ్ సంక్లిష్టతకు మూలం. 01, 12, 02 నామకరణం, బిట్ పట్టికల మేళవింపు, ఆర్మ్ నియమపట్టిక – ఇవన్నీ ఆ ప్రశ్నలను విడదీసిన మెట్లు.

3. 2021 నాటి లోపాలు తనిఖీకి, అమలుకు నడుమ ఉన్న చిన్న ఎడం ఎంత ప్రమాదకరమో చూపాయి.

4. ప్రతి మార్పునూ శుద్ధి అనలేం. అధికారం ఎవరిదో తేటపరిచి, పరీక్షకు అవకాశం ఇచ్చే మార్పే పరిష్కరణ అనే పేరుకు తగినది.

ఈ పరిష్కరణలు జరిగిన తరువాత వినియోగదారుడికి కొత్తగా ఏమీ కనిపించదు. నిన్న నడిచిన యంత్రమే నేడూ నడుస్తుంది. ఏమీ మారనట్లు కనిపించడమే ఈ పని సఫలమైందనడానికి గుర్తు కనుక, దీన్ని నమోదు చేసే బాధ్యత చరిత్రకారులదే.